మెట్ల కింద కుర్చీ

కొడుకు తండ్రిని వీపున వేసుకుని ఓపీ హాలు దాటుతున్న ఫొటో అది. ముసలాయన కాళ్ళు రెండూ కొడుకు నడుముకి చెరోపక్కా వేలాడుతున్నాయి. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. వెనక గోడ మీద "చక్రాల కుర్చీ కావలసినవారు ఇక్కడ అడగండి" అన్న బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది. తీసినవాడు ఎవడోగానీ, బోర్డు కూడా పడేదాకా ఆగి మరీ తీశాడు.

"పొద్దున్నించీ ఇది ఊరంతా తిరుగుతోంది," అంటూ పెద్ద డాక్టరు ఫోనుని బల్ల మీద ఆఫీసరమ్మ వైపు తోశాడు. "మన దగ్గర వీల్‌చైర్లు లేవా?"

"లేకేమండీ, కావలసినన్ని ఉన్నాయి. పోయినేడాది కూడా కొన్నాం."

"ఉంటే ఎక్కడున్నాయి?"

జవాబు లేనప్పుడు కొందరికి సిగ్గేస్తుంది, కొందరికి కోపం వస్తుంది. ఆవిడకి అనుమానం వస్తుంది.

"ఎవరో దాస్తున్నారండీ."

"ఎవరో అంటే కుదరదమ్మా. వచ్చేవారం పైవాళ్ళు వస్తున్నారు. మిమ్మల్ని ఈ సీట్లో ఖాయం చేసేదీ వాళ్ళే. వాళ్ళు అడిగితే నేను చూపించడానికి ఒక మనిషి కావాలి," అన్నాడాయన. ఆయన కుర్చీలు కావాలనలేదు, మనిషి కావాలన్నాడు. ఆ తేడా ఆవిడకి ఆ పూట తట్టలేదు.

ఆసుపత్రిలో ఆఫీసరు ఉద్యోగమంటే బయటివాళ్ళు ఏసీ గదిలో సంతకాలు పెట్టుకోవడం అనుకుంటారు. సంతకాలు ఉంటాయి, కాదనలేం. కానీ తెల్లారితే ఏ వార్డులో ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో చూడాలి, ఆక్సిజన్ బండి వచ్చిందో లేదో కనుక్కోవాలి, ఉతికిన దుప్పట్లలో రక్తం మరక పోలేదని సిస్టర్లు తిప్పికొట్టిన మూటల మీద లాండ్రీవాడితో పోట్లాడాలి, రాత్రి డ్యూటీకి రానివాడి బదులు ఎవరినో బతిమాలుకోవాలి. రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యక్కర్లేదు గానీ, రోగి ఒంటికి తగిలే ప్రతి వస్తువూ ఆ బల్ల మీదుగానే పోతుంది. అంతా సవ్యంగా జరిగితే ఆ ఉద్యోగం ఉందని కూడా ఎవరికీ తెలీదు. చీపురుపుల్ల తప్పిపోతే మాత్రం అందరికీ ఆ గది తలుపే గుర్తొస్తుంది.

రికార్డుల గదిలో గుమాస్తాగా చేరి, ఒక్కో మెట్టే ఎక్కి ఈ సీట్లో ఇన్‌ఛార్జిగా కూర్చుంది ఆవిడ. ఎదురుగా అందరూ మేడమ్ అంటారు, వెనక భూతద్దం అంటారు. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడ్డాక కాస్త గర్వంగానే ఉంది కూడా. దూది నించి డీజిల్ దాకా కాళ్ళొచ్చి నడిచిపోయే చోట ఒక భూతద్దమైనా ఉండాలి కదా అని ఆవిడ లెక్క.

ఆ మధ్యాహ్నమే వార్డులన్నీ చుట్టబెట్టింది. అడిగితే అందరిదీ ఒకటే పాట, "మా దగ్గరెక్కడివి మేడమ్, కింద ఓపీలో చూడండి" అని. ఓపీలో అడిగితే "అన్నీ పై వార్డులవాళ్ళే పట్టుకుపోతారు మేడమ్" అన్నారు. పిల్లల వార్డు పెద్ద సిస్టరు బాత్రూం తలుపుకి వీపు ఆనించి నిలబడి మాట్లాడింది. ఎందుకలా నిలబడిందా అని ఆఫీసరమ్మకి అనుమానం వచ్చింది గానీ, ఆ సమయానికి కింద గలాటా వినపడి మెట్లు దిగిపోయింది.

గలాటా పెద్దదేం కాదు. నిండుచూలాలిని ఆటోలోంచి దింపారు, ఎక్కించడానికి బండి లేదు. మొగుడు కేకలు పెడుతున్నాడు. అంతలో గేటు దగ్గరుండే అటెండరు ఎక్కడికో మాయమై, గాల్లోంచి పుట్టించినట్టు ఒక చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చేశాడు. అతన్ని అందరూ చక్రం అంటారు. ముప్ఫయ్యేళ్ళుగా బళ్ళు తోస్తున్నాడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు జీతాల సెక్షన్లో తప్ప ఎవరికీ తెలీదు. ఆ అమ్మాయిని ఎక్కించాక మొగుడు వచ్చి చక్రం చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతుల మధ్య ఏముందో ఆఫీసరమ్మకి కనపడలేదు. కనపడనిదాన్ని ఊహించుకోవడంలో ఆవిడకి ఎవరూ సాటిరారు.

'ఓహో, ఇదా సంగతి,' అనుకుంది. 'అందరికీ లేని కుర్చీ వీడికి ఎక్కడిది?'

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మోకాలికి కొత్త పట్టీ కట్టుకుని సోఫాలో దర్జాగా కూర్చుని ఉంది.

"అదేంటత్తయ్యా, ఎక్కడ కట్టించుకున్నారు?"

"ఎక్కడేంటి, మీ ఆసుపత్రిలోనే. నెప్పి తట్టుకోలేక పొద్దున ఆటో ఎక్కి పోయాను."

"నాకో ఫోన్ చేస్తే నేనే చూపించేదాన్నిగా!"

"అందుకే చెయ్యలేదు. కోడలి పేరు చెప్పి ముందు దూరిందని రేపు నిన్నే ఆడిపోసుకుంటారు. అసలే నీకు అక్కడ మంచి పేరు," అని నవ్వింది అత్తగారు. ఆవిడ నాలుక పదునెక్కువ, మనసు మెత్తన. కొడుకుది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కావడంతో ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు. పగలంతా మాటల్లేక పోగుపడ్డ కబుర్లన్నీ అత్తగారు సాయంత్రం పూట కోడలి ముందు కుమ్మరిస్తుంది.

"అదికాదమ్మాయ్, మీ దగ్గర గేటులో ఒకడున్నాడు, బట్టతల, ఎత్తు పళ్ళు. బంగారమంటి మనిషి. నేను ఆటో దిగి గోడ పట్టుకుని నిలబడ్డాను. అడక్కుండానే వచ్చి, 'ఇక్కడే ఉండు పెద్దమ్మా, కదలకు' అని బండి తెచ్చాడు. పైకి తీసుకెళ్ళాడు, వరసలో పెట్టాడు, పట్టీ కట్టాక మళ్ళీ కిందకి దింపాడు. టీ తాగమని ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు తెలుసా? నీ కోడలు ఎవరని గానీ, నువ్వెవరని గానీ ఒక్క ముక్క అడిగితే ఒట్టు."

ఆఫీసరమ్మ గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగింది. "బండి ఎక్కణ్ణించి తెచ్చాడు?"

"ఎక్కణ్ణించో ఏంటి, నా కళ్ళెదురుగానే. లిఫ్టు పక్క మెట్లు లేవూ, వాటి కింద నీలం గుడ్డ కప్పి పెట్టుకున్నాడు పాపం. పని కాగానే మళ్ళీ అక్కడే పెట్టి కప్పేశాడు. ఎంత జాగ్రత్తో!"

"అవును. మంచి జాగ్రత్తే," అంది కోడలు. ఆ రాత్రి అత్తగారికి మరో రెండు ముద్దలు ఎక్కువే వడ్డించింది. ముసలావిడ మురిసిపోయింది.

మర్నాడు హాలు ఇంకా నిండకముందే ఆఫీసరమ్మ సెక్యూరిటీ అతన్ని వెంటబెట్టుకుని లిఫ్టు పక్క మెట్ల దగ్గరికి వెళ్ళింది. నీలం గుడ్డ ఉంది. లాగితే కింద కుర్చీ ఉంది. తుడిచి పెట్టి ఉంది, చక్రాలకి నూనె కూడా వేసి ఉంది. చేరబడేచోట చిరుగు కనపడకుండా ఎవరో ముతక దారంతో కుట్టారు.

చక్రం వచ్చేసరికి ఆవిడ ఆ గుడ్డ చేత్తో పట్టుకునే ఉంది.

"ఇది ఎవరు పెట్టారిక్కడ?"

అతను కుర్చీ వైపు చూశాడు, సెక్యూరిటీ వైపు చూశాడు, మళ్ళీ కుర్చీ వైపు చూశాడు. "నేనే మేడమ్."

"ఎందుకు?"

"దాచకపోతే ఇది కూడా ఉండదు మేడమ్."

"అంటే? ఎవరు తీస్తారు?"

"నాకేం తెలుసమ్మా. రోజూ ఒకటీ అరా తగ్గిపోతున్నాయి. పొద్దున చూసింది సాయంత్రానికి ఉండదు. ఎటు పోతున్నాయో తెలీదు. నడవలేనివాళ్ళు గేట్లో దిగితే నా మొహమే చూస్తారు. అందుకని ఒక్కటి..."

"రోజూ తగ్గిపోతుంటే వచ్చి చెప్పాలా వద్దా?"

అతను చెప్పుకి అంటిన మట్టిని రెండో చెప్పు అంచుతో గీకాడు.

"నిన్న ఆ గర్భిణి మొగుడు నీ చేతిలో ఏం పెట్టాడు?"

"నా చేతిలోనా?" అతను నిజంగానే తన అరచెయ్యి చూసుకున్నాడు. "ఏం పెట్టలేదు మేడమ్. దండం పెట్టాడు."

"దొరికినవాడు ప్రతివాడూ ఇలాగే అంటాడు," అందావిడ. చుట్టూ చేరిన జనంలో ఒకడు ఫోను పైకెత్తాడు. ఒకందుకు అదీ మంచిదేలే అనుకుంది. వీపు మీద తండ్రి ఫొటోకి ఇది సరిపోతుంది.

పదకొండింటికల్లా సస్పెన్షను కాయితం తయారైంది. పెద్ద డాక్టరు చదవకుండానే సంతకం పెట్టి, "భేష్," అన్నాడు. విచారణ పూర్తయ్యేదాకా ఆవరణలోకి రాకూడదని అందులో ఒక వాక్యం ఆఫీసరమ్మ తనే చేర్చింది. చక్రం కాయితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మెడలో ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. తాడు తలకి తట్టుకుంటే విదిలించి తీశాడు. ఏడవలేదు, బతిమాలలేదు. తప్పు చేసినవాడికే ఇంత ధైర్యముంటుందని ఆవిడ తేల్చేసుకుంది. ఏడ్చి ఉంటే, నాటకమని తేల్చుకునేది.

ఇంటికి వచ్చాక తనే చెప్పింది. చెప్పకుండా ఉంటే సరిపోయేది గానీ, వారంలో ఖాయం కాబోతున్న సంతోషం నోరు జారేలా చేసింది.

అత్తగారు మోకాలి పట్టీ విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

"వాణ్ణి పట్టుకున్నది నా మాట వినా?"

"మీ మాటని కాదత్తయ్యా, ఎలాగూ నాకు అనుమానం ఉంది..."

"మంచివాడని చెప్పానే నీకు! మంచివాడని చెప్పిన మాటనే ఉరితాడు చేసి వాడి మెడకి వేశావా? నోటి దగ్గర కూడు లాగేశావా? నా చేత లాగించావా?"

"అతను దాచాడత్తయ్యా. తనే ఒప్పుకున్నాడు. ఆసుపత్రి సొమ్ము దాచడం తప్పు కాదా?"

"దాచాడు. దాచి ఏం చేశాడు? వాళ్ళావిడని ఎక్కించుకుని షికారు తిప్పాడా? నాబోటి ముసలిదాన్ని ఎక్కించాడు. నీకు తెలివుందే తల్లీ, కాదన్ను. ఆ తెలివంతా మనిషి జేబులోకి తొంగి చూడ్డానికే పెట్టావు, మొహంలోకి ఒక్కసారన్నా చూళ్ళేదు. రేపణ్ణించి నాకు మోకాలు విరిగినా మీ ఆసుపత్రికి రాను. ఏ మొహం పెట్టుకుని ఆ గేటు దాటను?"

అన్నం తినకుండా పడుకుంది అత్తగారు. కోడలు రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవడానికి నోరు రాలేదు.

దొంగ దొరికాడు కాబట్టి కుర్చీలు బయటికి రావాలి. రాలేదు. రెండో రోజుకి ఇంకా తగ్గాయి. మెట్ల కింద దొరికినదాన్ని హాల్లో అందరికీ కనపడేలా పెట్టించింది ఆఫీసరమ్మ. మర్నాడు పొద్దునకి అదీ లేదు. చక్రం బయటే ఉన్నాడు, లోపల కుర్చీ మాయమైంది. అతనికి లోపల ఇంకెవడో తోడున్నాడని ముందు అనుమానించింది. ఆ తోడు ఎవడా అని రోజంతా ఒక్కొక్కడి మొహమే చూస్తూ తిరిగింది. మొహాల్లో ఏమీ కనపడలేదు, తనని చూసి ముడుచుకోవడం తప్ప.

ఆ మధ్యాహ్నం ఎక్స్‌రే గది వెనక వరండాలో క్లీనింగ్ వాళ్ళు స్ట్రెచర్లు, కుర్చీలు కడుగుతున్నారు. ఘాటైన వాసన. రెండు నెలల కిందట తనే మార్పించిన కొత్త మందు అది. పాతది నీళ్ళలా ఉంటోందని, కాంట్రాక్టరు కల్తీ చేస్తున్నాడని అనుమానించి, ఇన్‌ఫెక్షన్ల కమిటీ చేత ఒప్పించి మరీ మార్చింది. కుర్చీ ఒకటి అడ్డంగా ఉంటే జరపబోయి వీపు పట్టె మీద చెయ్యి వేసింది. చెయ్యి తీసేసరికి బొటనవేలు ఎర్రగా ఉంది. రక్తమనుకుని ఉలిక్కిపడింది. కాదు. పట్టె మీద పెయింటుతో వేసిన నంబరు తడికి నాని, వేలికి అంటుకుని వచ్చేసింది. అక్కడ ఇప్పుడు ఎర్రటి మరక ఒకటే ఉంది, నంబరు లేదు.

"అది ఇటివ్వండి మేడమ్, కిందకి పంపించాలి," అన్నాడు క్లీనింగ్ సూపర్‌వైజరు. నెమ్మదైన మనిషి, చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడని పేరు.

"కిందకా? కిందకెందుకు?"

"నంబరు పోయిందిగా మేడమ్."

"పద, చూపించు," అంది ఆవిడ.

సెల్లారులో జనరేటరు పక్కన పనికిరాని సామాన్ల గది. దాని తాళంచెవి ఆవిడ ఆఫీసులోనే, మేకుల బోర్డుకి వేలాడుతుంటుంది. సూపర్‌వైజరు రోజూ సాయంత్రం వచ్చి తీసుకుని, మళ్ళీ తెచ్చి తగిలించి పోవడం ఆవిడ చూస్తూనే ఉంది. విరిగిన మంచాల కోసమేమో అనుకుంది. అతను తాళం తీసి లైటు వేశాడు.

కుర్చీలు. గోడ నించి గోడదాకా కుర్చీలు. ఒకదాన్లో ఒకటి దూర్చి, వరసగా, పద్ధతిగా పెట్టి ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. గుమ్మానికి దగ్గరగా ఉన్నదాని వీపున ముతక దారం కుట్టు కనపడుతోంది.

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అంది. అడుగుతుండగానే జవాబు గుర్తొచ్చేసింది.

"మీరే మేడమ్. సర్క్యులర్ ఇచ్చారుగా. నంబరు లేని కుర్చీ ఆసుపత్రిది కాదు, బయటివాళ్ళు మంచిది ఎత్తుకుపోయి పాతది వదిలేసి ఉంటారు, అలాంటిది కనపడితే గదిలో పెట్టి తాళం వెయ్యాలని. కొత్త మందు వచ్చాక నంబర్లన్నీ పోతున్నాయి. పోయినవి పోయినట్టు తెచ్చి పెడుతున్నాను."

"పెయింటు పోతోందని నాకు చెప్పొచ్చు కదయ్యా! ఊరంతా గోలైపోతుంటే, ఒక మనిషి ఉద్యోగం పోతే, ఒక్కసారి వచ్చి అడగొచ్చు కదా!"

అతను తాళంచెవిని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అడుగుదామనే అనుకున్నాను మేడమ్. కొత్త మందు బాగాలేదంటే, పాత కాంట్రాక్టరు దగ్గర ఎంత తిన్నావంటారేమోనని... మీ దగ్గరికొచ్చి ఏదన్నా అడిగినవాడి మీదే కదమ్మా మీకు ముందు అనుమానం వచ్చేది. అందుకని ఎవరం అడగం."

ఆఫీసరమ్మ తన బొటనవేలు చీర చెంగుకి తుడుచుకుంది. రంగు పోలేదు, చెంగుకి కూడా అంటుకుంది.

పెద్ద డాక్టరు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"సూపర్‌వైజరుకి, నాకు."

"అయితే తెలీనట్టే. కొత్తగా నంబర్లు వేయించండి. రోజుకి రెండో మూడో బయటికి వదలండి. కొత్త సరుకొచ్చిందంటాం. పైవాళ్ళు వచ్చేసరికి హాలు నిండా కుర్చీలుంటాయి."

"మరి చక్రం?"

"ఓ పది రోజులాగి పిలుద్దాం. దాచింది నిజమే కదా? క్షమాపణ రాసివ్వమనండి, జాలిపడి మళ్ళీ తీసుకున్నామంటాం. అతనికీ ఉద్యోగం వస్తుంది, మీకూ ఈ సీటు ఉంటుంది. పాము చావదు, కర్ర విరగదు. ఇంకేం కావాలి?"

ఆ మాట ఆవిడకి ఎంత తియ్యగా వినపడిందో చెప్పడానికి లేదు. నిజంగానే ఇంకేం కావాలి? ఇంటికి వెళుతూ దారి పొడుగునా ఆ క్షమాపణలో ఏ మాటలుండాలో కూడా మనసులో రాసుకుంది. 'పొరపాటున' అని ఉండాలి. 'ఇకముందు ఇలా జరగదు' అని ఉండాలి. చక్రం సంతకం పెడతాడా? పెట్టి తీరతాడు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. అక్కడికి వచ్చేసరికి తన ఆలోచనకి తనకే రోత పుట్టింది. ఇన్నేళ్ళూ ఎవడు తింటున్నాడా, ఎవడు దాస్తున్నాడా అని వెతికింది. ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ కుర్చీలు దాచింది తనే. ఇప్పుడు ఆ దాచినమాట కూడా దాచబోతోంది.

ఇంట్లో అత్తగారు మౌనవ్రతం విడవలేదు. కోడలు వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, కుర్చీలు దొరికాయి. నేను తాళం వేయించిన గదిలోనే."

అత్తగారు మొత్తం విన్నది. పెద్ద డాక్టరు చెప్పిన ఉపాయం కూడా విన్నది. తిడుతుందనుకుంటే తిట్టలేదు.

"సీటు పోతుందా?"

"పోవచ్చు. మళ్ళీ రికార్డుల గదికి పంపొచ్చు."

"అక్కడ దుమ్ము కదూ. నీకు దగ్గు," అని కాసేపాగి, "పోనీ, దగ్గుకి మందుంది," అంది అత్తగారు.

పొద్దున మీటింగు ఎప్పటిలాగే మంచాల లెక్కతో మొదలైంది. లాండ్రీ అయింది, ఆక్సిజన్ అయింది. చివర ఆఫీసరమ్మ లేచి నిలబడింది. మామూలుగా ఆవిడ లేచి నిలబడదు. తాళంచెవి బల్ల మధ్యలో పెట్టింది.

"కుర్చీలన్నీ సెల్లారులో ఉన్నాయి. నేను ఇచ్చిన సర్క్యులర్ వల్ల, నేను మార్పించిన మందు వల్ల అక్కడికి చేరాయి. చక్రం తీసినవి కావు. అతని మీద నేను రాసిన కాయితం తప్పు. సూపర్‌వైజరు తప్పు కూడా లేదు. నన్ను అడగడానికి భయపడ్డాడు. ఆ భయం కూడా నేను పెట్టిందే."

పెద్ద డాక్టరు మొహం నల్లబడింది. పిల్లల వార్డు పెద్ద సిస్టరు సణిగినట్టుగా, "మా బాత్రూంలో కూడా ఒకటుంది మేడమ్," అంది. పక్కనున్నవాళ్ళు నవ్వబోయి ఆపుకున్నారు. ఎముకల వార్డు నించి ఇంకెవరో, "మా దాంట్లో రెండు," అన్నారు. ఈసారి నవ్వు ఆగలేదు.

"విచారణ రద్దు చేయండి," అన్నాడు పెద్ద డాక్టరు నవ్వులో కలవకుండా. "మీ సంగతి పైవాళ్ళు వచ్చాక చూద్దాం."

చక్రం ఇల్లు సందు చివర. రద్దు కాయితం పట్టుకుని ఆవిడ వెళ్ళేసరికి అతను గుమ్మంలో స్టవ్వు బర్నరు శుభ్రం చేస్తున్నాడు. లేచాడు గానీ లోపలికి రమ్మనలేదు. భార్య తలుపు వారగా నిలబడింది. ఆఫీసరమ్మ జరిగిందంతా చెప్పి కాయితం ఇచ్చింది. అతను చదివాడు. వెనక్కి తిప్పి వెనక కూడా చూశాడు.

"ఇందులో మెలిక ఏముందమ్మా?"

"మెలికేం లేదు. నాదే తప్పు. రేపణ్ణించి వచ్చెయ్."

"ఎక్కడా సంతకం పెట్టకు," అంది లోపలినించి భార్య.

"సంతకం అక్కర్లేదమ్మా," అంది ఆఫీసరమ్మ. తన మాట తనకే ఎంత అనుమానంగా వినపడిందో! ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళ నోట విన్న గొంతు అది. నిజం చెపుతూ నమ్మించలేని గొంతు. "మీటింగులో అందరి ముందూ చెప్పాను. కావాలంటే అడుగు."

"మీటింగులో నేను లేనుగా మేడమ్," అన్నాడతను మెల్లగా. "నన్ను పట్టుకుంది మీటింగులో కాదు. మెట్ల దగ్గర, అంతమంది ముందర. నా కోడలి ఫోన్లోకి కూడా వచ్చిందది."

ఆవిడ తలూపింది.

మర్నాడు ఓపీ హాలు ఇసకేస్తే రాలనంతగా ఉంది. చక్రం గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేదు. ఆఫీసరమ్మ వచ్చి బోర్డు కింద నిలబడి, ఐడీ కార్డు చేతిలో పట్టుకుని గట్టిగా చెప్పింది. ఆ గోలలో సగంమందికి వినపడలేదు. వినపడినవాళ్ళలో సగంమందికి సంగతేంటో తెలీదు. "ఈయన ఏ తప్పూ చెయ్యలేదు, నేనే తప్పుగా పట్టుకున్నాను," అని రెండోసారి ఇంకా గట్టిగా అంది. ఎవడో ఫోను ఎత్తాడు. ఎత్తనిచ్చింది. చెవులు వేడెక్కిపోయాయి, అయినా కదల్లేదు. చక్రం లోపలికొచ్చి కార్డు తీసుకుని మెళ్ళో వేసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. అంతలో గేట్లో ఆటో ఆగితే అటు పరిగెత్తాడు.

పైవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఆవిడని ఖాయం చెయ్యలేదు, తియ్యనూ లేదు. మరో ఏడాది ఇన్‌ఛార్జిగానే ఉండమన్నారు. కుర్చీలన్నిటికీ నంబర్లు చెక్కిన రేకుముక్కలు బిగించారు. హాల్లో వరసగా, ఎవరికి కావాలంటే వారికి దొరికేలా నిలబడి ఉన్నాయి.

ఒక సాయంత్రం లిఫ్టు పాడైతే ఆవిడ మెట్లు దిగి వస్తోంది. కింద నీలం గుడ్డ కనపడింది. ఆగి, అంచు పట్టుకుని ఎత్తింది. కుర్చీ. ముతక దారం కుట్టు. చక్రాలకి కొత్తగా నూనె.

వెనక అడుగుల చప్పుడైంది. చక్రం నిలబడి ఉన్నాడు. ఈసారి కుర్చీ వైపు చూడలేదు, సూటిగా ఆవిడ మొహంలోకే చూశాడు.

"హాల్లో అన్ని ఉన్నాయి కదా," అంది ఆవిడ.

"ఉన్నాయి మేడమ్."

"మరి?"

"మీ మీద నమ్మకం లేక కాదు మేడమ్," అని, ఒక్క క్షణం ఆలోచించుకున్నాడు. "అబద్ధమెందుకు. లేకే."

ఆవిడ గుడ్డ దించి, కుర్చీ చక్రం మీద పడకుండా వేలాడుతున్న మూలని సరిచేసి, లాగి కప్పింది. తరవాత మెట్లు చుట్టుకుని గేటు వైపు వెళ్ళింది. అక్కడ ఆటోలోంచి అత్తగారు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేత్తో చక్రాన్ని పిలుస్తూ దిగుతోంది.